రెండు ముళ్ళ వైరు

లాండ్రీ వెనక షెడ్డు,
మంగళవారం, వాన.

అన్నయ్యకి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేంటా అని ఆశ్చర్యపోకు. ఫోనులో మనిద్దరం రెండో నిమిషానికే కొట్టుకుంటాం, మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. పోయిన నెల నువ్వే పెట్టేశావు. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. కాబట్టి నోరు మూసుకుని చదువు.

మన ముసలిదానికి, అదే వ్యానుకి, వైపర్లు పోయాయి. పూర్తిగా పోతే ఏడ్చి ఊరుకుందును. ఎండలో బుద్ధిగా ఆడతాయి. చినుకు పడగానే అద్దం మధ్యలో నిటారుగా నిలబడిపోతాయి. లైట్లు వేస్తే ఆగుతాయి, హారన్ కొడితే ఒక్కసారి ఊగి మళ్ళీ ఆగుతాయి. నిన్న ఆసుపత్రి దుప్పట్లు వేసుకుని అంత దూరమూ హారన్ కొట్టుకుంటూనే వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏంటమ్మా, వెనక మంత్రిగారెవరైనా వస్తున్నారా?" అన్నాడు. మొన్నైతే వైపర్లకి తాడు కట్టి, రెండు కొసలూ రెండు కిటికీల్లోంచి లోపలికి తెచ్చి, మీ బావని పక్కన కూర్చోబెట్టి లాగించాను. "పెళ్ళైన ఇన్నేళ్ళకి నాకో ఉద్యోగం ఇచ్చావు" అన్నాడు మహానుభావుడు.

నవ్వు తర్వాత నవ్వుకుందువుగాని. ఫిట్‌నెస్ తనిఖీలో ఆఫీసరు నలభై రోజులు గడువిచ్చాడు. ఆలోగా వైపర్లు సరిగ్గా ఆడకపోతే వ్యాను రోడ్డెక్కకూడదు. వ్యాను లేకపోతే ఆసుపత్రి వాళ్ళు దుప్పట్ల పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. పదేళ్ళుగా నా చేతుల మీద నిలబెట్టుకున్న లాండ్రీ అన్నయ్యా ఇది. షోరూము మెకానిక్కు దగ్గరికి వెళ్తే డాష్‌బోర్డు కిందికి వంగి కూడా చూడలేదు. "ఆ కంట్రోల్ బాక్సు తయారవడమే ఆగిపోయింది మేడమ్. తుక్కుకి వేసెయ్యండి" అన్నాడు, వేలికి తాళాలు తిప్పుకుంటూ. నిన్ను వేస్తాను తుక్కుకి అనుకున్నాను. పైకి కూడా కొంచెం అన్నాను.

నేను వెయ్యను. ఎవరు చెప్పినా వెయ్యను. ఆ వ్యాను లైట్లూ హారనూ నీ చేత్తో వైరింగ్ చేసి ఇచ్చావు. నువ్వొచ్చి ఇదీ చెయ్యి. మంచి పేరున్న ఎలక్ట్రీషియనువి, షాపు మూసేసి ఎనిమిదేళ్ళుగా ఉప్పు బస్తాలకి కాపలా కాస్తున్నావు. ఎందుకో ఇంతవరకూ నాకు చెప్పలేదు. అది కూడా వచ్చి చెప్పు.

నీ చెల్లి

*

ఉప్పు గిడ్డంగి, స్టోరు గది,
శనివారం.

చెల్లాయికి,

నోరు మూసుకునే చదివాను. ఇప్పుడు నీ వంతు.

రావడం కుదరదు. వానల్లో ఉప్పు మీద పరదాలు చూసుకోవాలి, సెలవివ్వరు. దాని గురించి మళ్ళీ అడక్కు.

నీ ముసలిదానికి ఉన్నది ఒక రోగం కాదు, రెండు. హారన్ కొడితే వైపరు ఊగడం ఎర్తు రోగం. వైర్లన్నిట్లోంచీ కరెంటు చివరికి బండి రేకులోకి తిరిగి చేరే చోటు ఒకటుంటుంది. నీ ఎడం కాలి దగ్గర రేకు విప్పితే ఒక బోల్టు కనిపిస్తుంది. తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించు.

రెండోది బాక్సు రోగం. స్టీరింగు కింద అగ్గిపెట్టంత నల్ల బాక్సు. అదే వైపర్లకి ఎప్పుడు ఆడాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది. మూత తీసి, లోపలి పలకని తిరగేసి భూతద్దంతో చూడు. టంకం చుక్కల చుట్టూ వెంట్రుకంత గుండ్రటి పగుళ్ళు ఉంటాయి. వాటిని మళ్ళీ కరిగించి టంకం పెట్టు. పక్కన చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది. నెత్తి ఉబ్బి ఉంటే మార్చెయ్. టంకం వెయ్యడం నీకు వచ్చు. చిన్నప్పుడు నా జుట్టు కాల్చి మరీ నేర్చుకున్నావు.

నా పాత నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి పెడుతున్నాను. ఈ మోడలు కొత్తగా వచ్చినప్పుడు ఒక బండి చూసి రాసుకున్నది. బాక్సుకి నాలుగు కాళ్ళు. ఏ కాలికి ఏ రంగు వైరో అందులో ఉంది. సొంత తెలివి ఉపయోగించకు.

ఆ షోరూము వాడితో గొడవ పెట్టుకోకు. పెట్టుకునే ఉంటావు.

అన్నయ్య

*

లాండ్రీ వెనక షెడ్డు,
గురువారం.

అన్నయ్యా,

సొంత తెలివి ఉపయోగించలేదు. అదే నేను చేసిన తప్పు.

బోల్టు రుద్దాను. రెండు గంటలు తల కింద, కాళ్ళు పైన. చివరికి మెరిసింది. హారన్ కొడితే వైపరు ఊగడం పోయింది. ఆ ఆనందంలో బాక్సు విప్పాను. నువ్వు చెప్పినట్టే పగుళ్ళు. ఇస్త్రీ బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, భూతద్దం మీ బావ చేత పట్టించి, ఒక్కొక్క చుక్కా మళ్ళీ టంకం వేశాను. కెపాసిటర్ మార్చాను. ఇంత చక్కగా కుదిరిందేంటా అని నాకే దిష్టి తగిలేలా ఉంది.

తీరా బాక్సు మళ్ళీ పెట్టబోతే దాని సాకెట్టు ఎండిన అప్పడంలా చేతిలో పొడైపోయింది. నాలుగు వైర్లూ దేనికదే విడిపోయాయి. నాకేం భయం, నా దగ్గర మా అన్నయ్య కాగితం ఉంది కదా అనుకున్నాను. నీలం ఒకటో కాలికి. పసుపు రెండో కాలికి. ఎర్తు మూడో కాలికి, ఆకుపచ్చ అని రాశావు. కరెంటొచ్చేది నాలుగో కాలికి, బ్రౌను అని రాశావు. అక్షరం పొల్లు పోకుండా అలాగే కలిపాను. తాళం తిప్పాను.

ఢామ్మంది. కొత్త కెపాసిటర్ టోపీ ఎగిరిపోయింది. బాక్సులోంచి పొగ. దాన్ని లాగేసే హడావిడిలో వేలు కాలింది. మూడు రోజుల పని మూడు సెకన్లలో పోయింది. మీ బావ భూతద్దం తుడిచి లోపల పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత బల్బు పెట్టి చూశాను. ఆకుపచ్చ వైరులోనే కరెంటుంది. బ్రౌను ఎర్తు. నువ్వు తిరగేసి రాశావు! లోకమంతా "ఆయన చెయ్యి పడితే తిరుగులేదు" అనే మనిషివి, ప్లస్సూ మైనస్సూ తిరగేసి రాస్తావా? రాసేటప్పుడు ఎటు చూస్తున్నావు?

ఇంకొకటి. కింద తల పెట్టినప్పుడు చూశాను, నువ్వు వేసిన లైట్ల వైర్లకీ హారన్ వైర్లకీ చివర్లలో దారంతో ముళ్ళున్నాయి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. అవెందుకు?

నీ చెల్లి

*

ఉప్పు గిడ్డంగి,
సోమవారం.

చెల్లాయికి,

పొరపాటైంది. వేలికి మందు రాసుకో.

వ్యాను అమ్మెయ్. షోరూము వాడు చెప్పింది నిజమే, దాని కాలం అయిపోయింది. నా కాగితం చించెయ్. ఇక ఈ విషయం నన్ను అడక్కు.

అన్నయ్య

*

లాండ్రీ, ఇస్త్రీ గది,
శుక్రవారం. ఇంకా పద్దెనిమిది రోజులు.

అన్నయ్యా,

ఆరు వాక్యాల ఉత్తరం రాసి నా నోరు మూయించేద్దామనుకున్నావా? నా సంగతి తెలిసే రాశావా?

నీ మాట పట్టుకుని మీ బావ తుక్కు కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. "మీ అన్నయ్యే చేతులెత్తేశాక మనమెంత" అన్నాడు. నేను వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తుక్కువాడు బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నేను దిగలేదు. మీ బావ బతిమాలాడు. దిగలేదు. వాడు విసుగొచ్చి వెళ్ళిపోయాక దిగి కూర వండాను. అందులో ఉప్పు వెయ్యలేదు. ఉప్పంటేనే నాకిప్పుడు మంట.

నీ కాగితం చించలేదు. భూతద్దం కింద పెట్టి చూశాను. పేజీ మూల తారీఖు వేశావు. ఆ తారీఖు నేను చచ్చినా మర్చిపోను. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష. గవదబిళ్ళలొచ్చి మొహం గుమ్మడికాయంత అయి ఆ పరీక్ష రాయలేదు, మళ్ళీ అదే క్లాసు చదివాను. అంటే ఆ వారం నేను నీ షాపుకి రాలేదు.

రోజూ బడి నుంచి నేరుగా వచ్చేదాన్ని. పొట్టి స్టూలు వేసి కూర్చోబెట్టేవాడివి. "చెల్లాయ్, ఎర్రది అందుకో. ఇప్పుడు ఆకుపచ్చది." నేను అందించగానే దానికి ముడి వేసేసేవాడివి. వెళ్ళేటప్పుడు పిప్పరమెంటు ఇచ్చేవాడివి. నాకు పని నేర్పిస్తున్నావని మురిసిపోయాను. టమాటా పండిందో లేదో ఎప్పుడూ నొక్కి చెప్పేవాడివి, చూసి చెప్పేవాడివి కాదు. చొక్కా కొనాలంటే అమ్మ పక్కన ఉండాల్సిందే. ఎనిమిదో క్లాసు రెండుసార్లు చదివిన మొద్దుని కాబట్టి ఇన్నేళ్ళు పట్టింది.

నీకు ఎరుపూ ఆకుపచ్చా బ్రౌనూ తేడా తెలియదు. అవునా, కాదా? ఒక్క మాట రాయి. క్షమాపణలు రాస్తే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

ఈలోగా నేను చేతులు ముడుచుకుని కూర్చోను. ఊరి చివర పాత బండ్ల దొడ్లో మన మోడలే ఒకటి చెట్టు కింద పడి ఉంది, మూడు చక్రాలతో. దాని బాక్సు విప్పుకొచ్చాను. దొడ్డివాడు "అది కూడా పోయిందేనమ్మా" అన్నాడు. పోయిందాన్ని బాగుచెయ్యడం ఎలాగో నాకిప్పుడు తెలుసన్నాను.

నీ చెల్లి

*

ఉప్పు గిడ్డంగి, స్టోరు గది,
ఆదివారం.

చెల్లాయ్,

అవును.

ఈ ఒక్క మాట రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇక మిగతాది కూడా రాసేస్తాను.

బళ్ళో ఆకుల బొమ్మ గీసి బ్రౌను రంగు వేశాను. మాస్టారు దాన్ని అన్ని క్లాసులకీ తిప్పి చూపించి నవ్వించాడు. ఆ రోజు అనుకున్నాను, ఇది చచ్చేదాకా ఎవరికీ తెలియకూడదని. అలాంటివాణ్ణి వెళ్ళి వెళ్ళి వైర్ల పనిలో పడ్డాను. ఆ పనంటే నాకు పిచ్చి చెల్లాయ్. బల్బు వెలిగినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. నీలం, పసుపు, నలుపు, తెలుపు బాగానే తెలుస్తాయి. మిగతావి నువ్వు చెప్పేదానివి. నువ్వు అందించిన వైరుకి వెంటనే గుర్తు కట్టేసేవాణ్ణి. కరెంటొచ్చేదానికి ఒక ముడి. ఎర్తుకి రెండు. ఆ తర్వాత కళ్ళు మూసుకునైనా చేసేవాణ్ణి.

ఆ వారం నువ్వు రాలేదు. కొత్త మోడలు ఒక్క పూటే షాపులో ఉంది. ఇంకెవరినైనా అడిగితే తెలిసిపోతుందని నేనే చూసి రాసుకున్నాను. ఆ పేజీ ఇరవయ్యారేళ్ళు నా దగ్గరుంది, తప్పని తెలియకుండానే.

నువ్వు లాండ్రీ పెట్టుకున్నాక షాపుకి రావడం మానేశావు. అది నీ తప్పు కాదు, నీ బతుకు నువ్వు చూసుకోవాలి. రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాను. ఒకరోజు ఒక బస్సుకి రెండు వైర్లు తారుమారు చేశాను. షాపు ముందే పొగొచ్చింది. అందులో ఎవరూ లేరు. యజమాని ఎలుక కొరికి ఉంటుందన్నాడు. నేను కూడా అవునన్నాను. ఒక ఎలుక మీదికి తోసేసి ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. అందులో జనం ఉండి ఉంటే? మర్నాడు షాపు మూసేశాను. ఇక్కడ ఉప్పు తెల్లగా ఉంటుంది, బస్తాలు తెల్లగా ఉంటాయి, గోడలు తెల్లగా ఉంటాయి. ఎవరూ నన్ను రంగు అడగరు. నువ్వు ఎందుకు వదిలేశావని అడిగినప్పుడల్లా ఫోను పెట్టేసింది ఇందుకే.

నీ వేలు కాల్చింది నా పిరికితనం. క్షమాపణలు వద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

ఇప్పుడు పని. ఇన్నేళ్ళూ నేను రంగుల కోసం నిన్ను అడుక్కున్నాను గాని, బల్బుని అడగాల్సింది. నీకు ఆ బుద్ధి పొగొచ్చాకైనా వచ్చింది. అయినా మొదటి నుంచీ చెయ్యి. ముందు మోటారు ప్లగ్గు పీకెయ్. లేకపోతే కరెంటు మోటారులోంచి తిరిగొచ్చి బల్బుని వెలిగించి నిన్ను మోసం చేస్తుంది. బల్బు వైరు ఒకటి బ్యాటరీ మైనస్సుకి పెట్టి, తాళం తిప్పి, రెండోదాంతో నాలుగు వైర్లనీ తాకు. వెలిగినదానికి ఒక ముడి. తాళం తీసేసి, బల్బుని ప్లస్సుకి మార్చి మళ్ళీ తాకు. ఈసారి వెలిగినదానికి రెండు ముళ్ళు. నీలం, పసుపు కాగితంలో ఉన్నట్టే. తర్వాత మోటారు ప్లగ్గు పెట్టెయ్, మర్చిపోయి నన్ను తిట్టకు.

తనిఖీకి వెళ్ళే ముందు లైట్లు, హారను, వైపర్లు అన్నీ ఒకేసారి వేసి అరగంట ఉంచు. పైన నీళ్ళు పొయ్యి. పొడి అద్దం మీద ఆడిస్తే రబ్బర్లు చిరిగిపోతాయి.

అమ్మవద్దు. నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

అన్నయ్య

*

తనిఖీ ఆఫీసు బయట, వ్యాన్లోనే కూర్చుని,
గడువు ఇంకా ఒక్క రోజుండగా.

అన్నయ్యా,

ఇంటికెళ్ళేదాకా ఆగలేక స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

దొడ్లోంచి తెచ్చిన బాక్సుకి టంకం వేశాను, కెపాసిటర్ మార్చాను, ముళ్ళు కట్టాను. తాళం తిప్పేటప్పుడు మీ బావ బకెట్టు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, నా మీద ఆయనకున్న నమ్మకం అది. పొగ రాలేదు. వైపర్లు కదిలాయి. ఆపితే వెళ్ళి అద్దం అడుగున బుద్ధిగా పడుకున్నాయి. ఆ నీళ్ళు అద్దం మీద పోయించి అరగంట ఆడించాను. నాకు ఏడుపొచ్చింది. నా మొహం మీద చిందినవి కూడా బకెట్టు నీళ్ళేనన్నట్టు మీ బావ అటు తిరిగాడు.

ఇవాళ ఇక్కడికి తెచ్చాను. ఆ షోరూము మెకానిక్కు కూడా ఎవరిదో కొత్త కారు తెచ్చి వరుసలో ఉన్నాడు. ఆఫీసరు డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూసి "ఈ దారాలేంటి? ఎవరు చేశారు ఈ పని?" అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించానన్నయ్యా. ఎవరో మెకానిక్కు చేశాడని చెప్పేస్తే సరిపోయేది. కానీ నువ్వు ఎలుక మీదికి తోసేసినట్టు నేను ఇంకొకరి మీదికి తొయ్యలేకపోయాను. "నేనే చేశానండీ. మా అన్నయ్య ఉత్తరాల్లో చెబితే చేశాను. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా తెలియవు, అందుకే ముళ్ళు. ఒక ముడి కరెంటు, రెండు ముళ్ళు ఎర్తు" అన్నాను. అందరికీ వినిపించేలాగే అన్నాను. నీ గుట్టు బయటపెట్టాను. కోపం వస్తే రానీ.

షోరూము వాడు పకపకా నవ్వాడు. "రంగులు తెలియనివాడు ఎలక్ట్రీషియనా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మీకు అన్ని రంగులూ తెలుసు కదండీ, మరి కిందికి వంగి ఒక్కటైనా చూశారా?" అన్నాను. వాడి వేలి మీద తాళాలు ఆగిపోయాయి.

ఆఫీసరు నవ్వలేదు, పాపం మంచివాడో చెడ్డవాడో కూడా తెలియని మొహం. "దారాలు నిబంధనల్లో లేవు" అన్నాడు. "ఉండకూడదని ఉందా?" అన్నాను. పుస్తకం తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. ఉండకూడదనీ లేదు. "సరే, ఆడించండి" అన్నాడు. వాన పడుతూనే ఉంది. లైట్లు వేశాను, హారన్ కొట్టాను, అన్నీ ఒకేసారి. పది నిమిషాలు వాచీ చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడా తడబడలేదు. ఆపమన్నాడు. ఆపాను. రెండూ కిందికెళ్ళి పడుకున్నాయి. సంతకం పెట్టాడు. పెట్టి, మళ్ళీ వంగి ఆ రెండు ముళ్ళ వైరు వేలితో తడిమి చూశాడు. "మా డ్రైవరుకి చెబుతాను, వాడిది కూడా ఇదే మోడలు. మీ అన్నయ్యగారు ఎక్కడుంటారు?" అన్నాడు.

షెడ్డులోనే ఉంటారని చెప్పాను. కాబట్టి అబద్ధం కాకుండా చూసుకో. మొన్ననే షెడ్డులో సగం ఖాళీ చేశాను. పొట్టి స్టూలు నా దగ్గరే ఉంది, దాని మీద సబ్బు డబ్బాలు పెట్టుకుంటున్నాను. బోర్డు కూడా రాయించేశాను. "పాత బండ్ల వైరింగ్. పని అన్నయ్యది, రంగులు చెల్లెలివి" అని. దాచడానికి ఇంకేం మిగల్లేదు, ఇక ఎవరికి భయపడతావు?

వచ్చే ఆదివారానికి రాకపోతే ముసలిదాన్ని వేసుకుని నేనే వస్తాను. వానొచ్చినా ఆగదు ఇప్పుడది.

నీ చెల్లి

*

ఉప్పు గిడ్డంగి,
బుధవారం.

చెల్లాయ్,

కోపం వచ్చింది. ఉత్తరం మడిచి పెట్టి పరదాల చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను. మళ్ళీ చదివాను. షోరూము వాడి తాళాలు ఆగిపోయిన చోట పైకే నవ్వేశాను. బస్తాలు మోసేవాళ్ళు నాకేదో అయిందనుకున్నారు.

పొద్దున మేనేజరుకి రాజీనామా ఇచ్చాను. ఎందుకన్నాడు. వైర్ల పనికి వెళ్తున్నానన్నాను. ఆయన అడక్కపోయినా, "నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియవండీ" అన్నాను. నా నోటితో నేను అనడం ఇదే మొదలు. పిడుగేం పడలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "మరి ఇన్నేళ్ళు ఎలా చేశారండీ?" అన్నాడు.

"మా చెల్లెలు అందించింది" అన్నాను.

ముందు ఆ బస్సు యజమాని దగ్గరికి వెళ్ళి, అది ఎలుక కాదు నేనేనని చెప్పి వస్తాను. తిడితే తిట్టనీ. శనివారం సాయంత్రానికి నీ దగ్గరుంటాను. స్టూలు మీద సబ్బు డబ్బాలు దించు.

బోర్డుకి ఏ రంగు వేయించావో రాయలేదు నువ్వు. ఇప్పుడు రాయకు. వచ్చాక వీధిలో నిలబడి, అందరి ముందూ నేనే అడుగుతాను. గట్టిగా చెప్పు.

అన్నయ్య